ఆంక్షల కాలంలో ఎగుమతి ఆర్డరును వడపోయడం ఎలా

ఆంక్షలంటే కస్టమ్స్ గేటు దగ్గర సరుకు ఆగిపోవడమే అనుకుంటే పొరపాటు. చాలాసార్లు సరుకు అక్కడిదాకా కూడా వెళ్లదు. అంతకుముందే బ్యాంకు చెల్లింపును ఆపేస్తుంది, బీమా సంస్థ పాలసీ రాయనంటుంది, షిప్పింగ్ లైన్ బుకింగ్ రద్దు చేస్తుంది. వీళ్లెవరూ చట్టం గీసిన గీత దాకా రారు, పది అడుగుల ఇవతలే ఆగిపోతారు. మీ లావాదేవీలో వాళ్లకు దక్కే కమీషను చిన్నది, తేడా వస్తే పడే జరిమానా పెద్దది మరి. అందుకని ‘ఇది చట్టబద్ధమేనా’ అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ‘చట్టబద్ధమేనని బ్యాంకులో కూర్చున్న మనిషికి కాగితాలతో చూపించగలనా’ అని కూడా అడగండి.

ఈ భయం ఎంత బలమైందో ఇన్‌స్టెక్స్ కథ చెబుతుంది. 2018లో అమెరికా ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకున్నాక, ఇరాన్‌తో డాలరు తగలకుండా వ్యాపారం చేయడానికి ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కలిసి 2019 జనవరిలో ఆ సంస్థను పెట్టాయి. మూడు ప్రభుత్వాలు వెనక ఉన్నా, 2020 మార్చిలో పూర్తయిన ఒకే ఒక్క వైద్య సామగ్రి లావాదేవీ తర్వాత అది ముందుకు సాగలేదు. 2023లో మూసేశారు.

కింద చెప్పే తనిఖీ అంతా కొటేషను పంపకముందే చేయాలి. అడ్వాన్సు పుచ్చుకున్నాక మొదలుపెడితే, తప్పు బయటపడిన రోజున ఆ డబ్బు తిరిగిచ్చేయడం కూడా లైసెన్సు అడిగే పని కావచ్చు.

ముందు, ఎవరి చట్టం?

నాలుగు చట్టాలు చూడాలి: మీ దేశానిది, కొనేవాళ్ల దేశానిది, ఐక్యరాజ్య సమితి భద్రతామండలిది, చెల్లింపు దాటివెళ్లే కరెన్సీ దేశానిది. నాలుగోదాన్నే జనం మరిచిపోతారు. డాలర్లలో ఇన్‌వాయిస్ రాస్తే, అమ్మేవారు కొనేవారు ఇద్దరూ అమెరికా ముఖం చూడకపోయినా, డబ్బు దాదాపు ఎప్పుడూ అమెరికాలోని కరెస్పాండెంట్ బ్యాంకు (విదేశీ బ్యాంకుల తరఫున చెల్లింపు జరిపే బ్యాంకు) మీదుగానే వెళుతుంది. సింగపూర్‌కు చెందిన సీఎస్ఈ ట్రాన్స్‌టెల్ ఇరాన్ ప్రాజెక్టుల పనికోసం తన సింగపూర్ ఖాతా నుంచి 104 డాలరు చెల్లింపులు పంపింది. మొత్తం 1.1 కోట్ల డాలర్లకు పైచిలుకు. అమెరికా బ్యాంకుల చేత ఆంక్షలు ఉల్లంఘింపజేశారన్న కారణంతో, అమెరికా ట్రెజరీలోని ఆంక్షల విభాగం ఓఫాక్ 2017లో ఆ సంస్థతో 1.2 కోట్ల డాలర్లు కట్టించుకుంది.

మీ వస్తువులో అమెరికా భాగాలున్నా ఆ దేశపు ఎగుమతి నియమాలు మీ వెంట వస్తాయి. మామూలుగా వస్తువు విలువలో నియంత్రిత అమెరికా భాగాల వాటా 25 శాతం దాటితే, క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా వంటి దేశాలకైతే 10 శాతం దాటితే, అమెరికా లైసెన్సు గురించి ఆలోచించాలి. కొన్ని సున్నితమైన వస్తువులకు ఈ వెసులుబాటు కూడా లేదు.

చట్టాలు ఒకదానితో ఒకటి ఢీకొనే చోట్లూ ఉన్నాయి. కొన్ని అమెరికా ఆంక్షలను పాటించొద్దని తన సంస్థలకే చెప్పే చట్టం యూరోపియన్ యూనియన్‌కు 1996 నుంచి ఉంది. చైనా 2021లో అలాంటివే తెచ్చింది. కాబట్టి ఒప్పందంలో ‘అమెరికా ఆంక్షలన్నీ పాటిస్తాం’ అని గుడ్డిగా రాసేయడం కూడా కొన్ని దేశాల్లో ఇబ్బందే.

పేర్ల తనిఖీ

జాబితాలన్నీ ఉచితంగానే దొరుకుతాయి: ఓఫాక్ జాబితాలు, అమెరికా వాణిజ్య శాఖవారి ఎంటిటీ లిస్ట్ (ఎగుమతికి లైసెన్సు కావాల్సిన విదేశీ సంస్థల జాబితా), యూరోపియన్ యూనియన్ ఏకీకృత జాబితా, బ్రిటన్ జాబితా, ఐరాస జాబితా. అమెరికా జాబితాలను కలిపి వెతికే సాధనం కూడా ఉంది. వెతకడం ఎవరైనా వెతుకుతారు, ఎవరి పేరు వెతకాలన్న దగ్గరే లోపం జరుగుతుంది. కొనుగోలుదారు ఒక్కడే చాలడు. కన్సైనీ (సరుకు అందుకునేవారు), నోటిఫై పార్టీ (సరుకు చేరగానే కబురు అందాల్సినవారు), అసలు వాడుకునేవారు, డబ్బు కట్టేవారు, వాళ్ల బ్యాంకు, ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు), ఓడ, ఓడ యజమాని, మధ్యలో ఆగే రేవులో సరుకు చూసుకునే ఏజెంటు, సంస్థ డైరెక్టర్లు, వాటాదారులు. ఒక మామూలు కంటైనర్‌కు పది పన్నెండు పేర్లు తేలతాయి.

అక్షరం తేడా ఎంత పని చేస్తుందో ఆపిల్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. స్లొవేనియాకు చెందిన ఎస్ఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఓఫాక్ జాబితాలో ఉంది. మన దగ్గర ‘లిమిటెడ్’ అన్నట్టు ఆ పేరు చివర ఉండే మూడక్షరాలు జాబితాలో చిన్నబడిలో, మధ్య చుక్కలతో ఉన్నాయి. ఆపిల్ రికార్డుల్లో అవే అక్షరాలు పెద్దబడిలో, చుక్కల్లేకుండా ఉన్నాయి. సాధనం రెండింటినీ కలపలేకపోయింది. పైగా ఆ సంస్థ యజమాని పేరు ఖాతా నిర్వాహకుడి గడిలో ఉంది, ఆ గడిని అసలు వెతకనే లేదు. 2019 నవంబరులో ఆపిల్ 4,66,912 డాలర్లు కట్టి సర్దుకుంది. మరుసటి ఏడాది అమెజాన్ వంతు. అమెరికా ఆంక్షల్లో ఉన్న క్రిమియాను ఆంగ్లంలో ‘సి’ బదులు ‘కె’తో రాసిన చిరునామాలు, అక్కడి యాల్టా అన్న ఊరి పేరు ఆ సంస్థ వడపోతలో చిక్కలేదు.

మీరు చేయాల్సింది ఇదీ. పేరును మూల లిపిలో కూడా అడిగి తీసుకోండి. అరబిక్, పర్షియన్, రష్యన్, చైనీస్ పేర్లు ఆంగ్లంలోకి వచ్చేసరికి నాలుగైదు రూపాలవుతాయి. సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, మనుషులకైతే పుట్టిన తేదీ తీసుకోండి. సంస్థ రూపాన్ని చెప్పే తోకలు తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి వెతకండి. ఓఫాక్ వెతుకులాట పేజీలో పేరు ఎంత దగ్గరగా కలవాలో చెప్పే స్కోరు ఉంటుంది. దాన్ని 100 దగ్గర ఉంచితే అచ్చు గుద్దినట్టున్న పేర్లే వస్తాయి, 85 ప్రాంతానికి దించి చూడండి. వచ్చిన ప్రతి పోలికనూ ఎందుకు కొట్టేశారో ఒక్క వాక్యంలో రాసిపెట్టండి: ‘పుట్టిన సంవత్సరం వేరు, దేశం వేరు’ అని. వట్టి ‘సరిచూశాం’ అన్న ముద్ర రేపు ఎవరినీ ఒప్పించదు.

యాజమాన్యం లెక్క

జాబితాలో పేరు లేనంత మాత్రాన సంస్థ శుభ్రమని కాదు. ఓఫాక్ నియమం ప్రకారం, ఆంక్షల్లో ఉన్నవాళ్లంతా కలిపి 50 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న సంస్థ, పేరు ఎక్కకపోయినా ఆంక్షల్లో ఉన్నట్టే. ఒకరికి 30, ఇంకొకరికి 25 ఉంటే కలిపి 55. దారి మూసుకుపోయింది.

అంచెలంచెలుగా వాటాలున్నప్పుడు చాలామంది లెక్క తప్పుతారు. ఆంక్షల్లో ఉన్న వ్యక్తికి ‘క’ సంస్థలో 50 శాతం, ‘క’కు ‘చ’ సంస్థలో 50 శాతం ఉన్నాయనుకోండి. సగంలో సగం పాతిక శాతమే కదా అని గుణించి వదిలేస్తారు. అలా గుణించకూడదు. 50 తాకగానే ‘క’ పూర్తిగా ఆంక్షల్లో పడుతుంది. దాని చేతిలో ఉన్న వాటా మొత్తం మచ్చపడినదే, కాబట్టి ‘చ’ కూడా పడుతుంది. అదే వ్యక్తికి ‘క’లో 25, ‘గ’లో 25 మాత్రమే ఉండి, ఆ రెండూ చెరి సగం ‘చ’ను పట్టుకుని ఉంటే, ‘క’, ‘గ’ రెండూ గీతకు కిందే ఉన్నాయి గనక ‘చ’ ఈ నియమం కింద పడదు. కాగితం మీద బొమ్మ గీసుకుని కింది నుంచి పైకి కాకుండా పైనుంచి కిందికి లెక్క కడితే ఈ తప్పు జరగదు.

బ్రిటన్, యూరోపియన్ యూనియన్ వాటాతో ఆగవు, అదుపు ఎవరి చేతిలో ఉందో కూడా చూస్తాయి. వాటా 49కి తగ్గించి మిగతాది బావమరిదికి రాసినా, బోర్డును నియమించేది పాత యజమానే అయితే అక్కడ చిక్కే. ఆంక్షలు పడిన వారంలోనే వాటాలు చేతులు మారిన సంస్థ కనిపిస్తే, బదిలీకి డబ్బు నిజంగా కట్టారా అని రుజువు అడగండి.

సరుకేమిటి, అసలు ఎక్కడికి?

వస్తువుకు సరైన హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఆరు అంకెల దాకా తెలియాలి. రష్యాకు దొడ్డిదారిన చేరుతున్న వస్తువుల మీద అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్ కలిసి 50 కోడ్‌లతో ఒక ఉమ్మడి జాబితా తయారుచేశాయి. అందులో మొదటి వరస నాలుగూ చిప్‌లవే: 8542.31, 8542.32, 8542.33, 8542.39. మీ సరుకు ఈ జాబితాలో ఉంటే మామూలు కొనుగోలుదారును కూడా అనుమానంగానే చూడండి.

ఏం చూడాలి? రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగిన 2022 ఫిబ్రవరి తర్వాతే సంస్థ పుట్టి, అంతకుముందు ఆ రంగంలో జాడ లేకపోవడం. అసలు వాడుకునేవారి స్థానంలో ఫార్వర్డర్ పేరు. పరికరం కొంటూ ఇన్‌స్టలేషన్, వారంటీ వద్దనడం. సరుకు కట్టే ముందురోజు డబ్బు కట్టేవారి పేరు మారడం. ఆ దేశపు పరిశ్రమకు అవసరమైనదానికన్నా ఎన్నో రెట్లు ఆర్డరు. వీటిలో ఒక్కటే కనిపిస్తే అడిగి తెలుసుకోండి. రెండు మూడు కలిస్తే, జవాబులు కాగితం మీద వచ్చేదాకా సరుకు కదపకండి. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ (అసలు వాడుకునేది ఎవరో చెప్పే పత్రం) ఇవ్వడానికి నెల పట్టించుకునేవారు బేరం మాత్రం గంటలో ముగించమంటే, అది కూడా ఒక జవాబే. ఇలాంటి కొన్ని వస్తువుల ఒప్పందాల్లో ‘రష్యాకు తిరిగి ఎగుమతి చేయరాదు’ అన్న షరతు పెట్టడం యూరోపియన్ యూనియన్ ఎగుమతిదారులకు 2024 మార్చి 20 నుంచి తప్పనిసరి.

కొనేవైపు తనిఖీ ఇంతకన్నా కష్టం. మీ సరఫరాదారు శుభ్రంగానే ఉంటాడు, అతనికి సరఫరా చేసేవాడితో వస్తుంది గొడవ. ఎల్ఫ్ అనే అమెరికా సౌందర్య సాధనాల సంస్థ చైనాలోని ఇద్దరు సరఫరాదారుల నుంచి కృత్రిమ కనురెప్ప వెంట్రుకల కిట్లు తెప్పించుకుంది. వాటిలో ఉత్తర కొరియా ముడిసరుకు ఉందని తేలింది. 156 కన్సైన్‌మెంట్లు. 2019లో 9,96,080 డాలర్లు కట్టింది. నాణ్యత తనిఖీకి మనుషులు వెళ్లేవాళ్లే, ముడిసరుకు ఎక్కడిదని అడిగిన నాథుడు లేడు.

ఉక్కులో దీనికి పక్కా పద్ధతి ఏర్పడింది. 2023 సెప్టెంబరు 30 నుంచి, మూడో దేశంలో తయారైన ఉక్కు వస్తువుల్లో రష్యా ఇనుము, ఉక్కు లేవని యూరోపియన్ యూనియన్ దిగుమతిదారు రుజువు చూపించాలి, భాగస్వాములుగా గుర్తించిన కొన్ని దేశాలకు తప్ప. దానికి ఉక్కు కర్మాగారం ఇచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ పనికొస్తుంది. అందులో హీట్ నంబరు (ఒక విడతలో కరిగించిన ఉక్కుకు ఇచ్చే సంఖ్య), ఉక్కు కరిగించిన చోటు ఉండాలి, ఆ నంబరు సరుకు మీది ముద్రతో కలవాలి. స్లాబ్ (ఉక్కు దిమ్మ) ఒక దేశంలో పోతపోసి ఇంకో దేశంలో రోల్ చేస్తే రెండు సర్టిఫికెట్లు కావాలి. రోల్ చేసినచోటిది ఒక్కటే పంపి సరుకు ఇరికించుకునేవాళ్లు చాలామంది.

ఆంక్షలకు ఎదురు ఆంక్షలూ ఉంటాయి. చైనా 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జర్మేనియంలకు, 2025 ఏప్రిల్ 4 నుంచి డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు అరుదైన లోహాలకు ఎగుమతి లైసెన్సు పెట్టింది. అక్కడ లైసెన్సు పరిశీలనకు చట్టం ఇచ్చిన గడువు 45 పనిదినాలు, అంటే సెలవులతో కలిపి రెండు నెలల పైమాటే. అయస్కాంతాలు, సెన్సార్లు కొనేవారు తమ డెలివరీ తేదీని ఇప్పుడు ఆ రెండు నెలలు కలిపి లెక్కకట్టాలి. అసలు వినియోగదారు ప్రకటన ముందే తెప్పించుకుంటే దరఖాస్తు వెనక్కి వచ్చే అవకాశం తగ్గుతుంది.

డబ్బు నడిచే దారి

చెల్లింపు ఏయే బ్యాంకుల మీదుగా వస్తుందో ముందే రాతపూర్వకంగా అడగండి. 2022 మార్చిలో ఏడు రష్యన్ బ్యాంకులను స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు నడిపే వ్యవస్థ) నుంచి తీసేశాక మూడో దేశాల చిన్న బ్యాంకుల ద్వారా దారులు పుట్టాయి. 2023 డిసెంబరులో, రష్యా సైనిక పరిశ్రమకు తోడ్పడే విదేశీ బ్యాంకుల మీదా ఆంక్షలు పెడతామని అమెరికా ఉత్తర్వు ఇచ్చేసరికి ఆ దారులూ ఇరుకయ్యాయి. ఇన్‌వాయిస్‌లో ఉన్న పేరు, డబ్బు పంపిన పేరు వేరైతే పుచ్చుకోకండి.

ఆహారం, మందులకు చాలా ఆంక్షల్లో మినహాయింపు ఉంది. అయినా బ్యాంకు ఆపుతుంది. డబ్బు బయలుదేరకముందే బ్యాంకుకు ఒక చిన్న ఫైలు ఇవ్వండి: ఏ జనరల్ లైసెన్సు (విడిగా దరఖాస్తు పెట్టకుండా అందరికీ వర్తించే అనుమతి) కింద వస్తుందో దాని నంబరు, హెచ్ఎస్ కోడ్‌లు, వాడే ఆసుపత్రి లేదా గిడ్డంగి వివరం, పేర్ల తనిఖీ ఫలితాలు. డబ్బు ఆగాక ఇచ్చే వివరణకు వారాలు పడుతుంది.

ఎల్‌సీలో (కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో) ‘మా అంతర్గత ఆంక్షల విధానం ప్రకారం చెల్లించకపోవచ్చు’ అన్న వాక్యం కనిపిస్తే సవరణ అడగండి. చట్టం ప్రకారం అంటే అర్థముంది, అంతర్గత విధానం ఏమిటో మీకెవరూ చూపించరు. దాంతో తిరుగులేని హామీ కాస్తా బ్యాంకు ఇష్టానికి వదిలేసినట్టవుతుంది.

ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆగిన చెల్లింపును దేశం పేరో, పార్టీ పేరో తీసేసి మళ్లీ పంపడం. బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల్లో ఇలా వివరాలు దాచినందుకు 2014లో నేరం ఒప్పుకుని సుమారు 897 కోట్ల డాలర్లు కట్టింది. బ్యాంకు డబ్బు తిప్పి పంపితే ఊపిరి పీల్చుకోవచ్చు. స్తంభింపజేస్తే అది లైసెన్సు లేకుండా కదలదు. ఫోన్ చేసి ముందు ఈ రెండిట్లో ఏది జరిగిందో అడగండి.

ఓడ, దారి, బీమా

కంటైనర్ సరుకుకు లైన్‌నూ, మధ్య రేవులనూ చూస్తే చాలావరకు సరిపోతుంది. ఓడ మొత్తం అద్దెకు (చార్టర్) తీసుకుంటే మాత్రం ఓడనే చదవాలి. పేరు, జెండా మారతాయి, ఓడ గుర్తింపు సంఖ్య అయిన ఏడంకెల ఐఎంఓ నంబరు మారదు. ఆ నంబరు నకిలీదో కాదో నిమిషంలో చూడొచ్చు. 9074729 తీసుకోండి. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 63, 0, 35, 16, 21, 4. కూడితే 139. చివరి అంకె 9, నంబరులో ఏడో అంకె కూడా 9. కలవకపోతే ఎవరో నంబరు కల్పించారన్నమాట, లేదా టైపు తప్పు. కలిసినంత మాత్రాన అది ఆ ఓడదేనని రుజువు కాదు. ఈక్వాసిస్ అనే ఉచిత డేటాబేస్‌లో ఆ నంబరు కొట్టి యజమాని, జెండా, క్లాస్ సొసైటీ (ఓడ సాంకేతిక ప్రమాణాలను ధ్రువీకరించే సంస్థ), పీ అండ్ ఐ బీమా (ఇతరులకు జరిగే నష్టానికి ఓడ యజమాని తీసుకునే బీమా) చూడండి. ఏడాదిలో జెండా రెండుసార్లు మారిన ముసలి ట్యాంకరును దూరం పెట్టండి.

ఓడ ఎక్కడుందో చెప్పే ఏఐఎస్ సిగ్నల్ మధ్యలో ఆగితే వెంటనే దొంగ అనకండి. దాడుల భయమున్నచోట భద్రత కోసం కెప్టెన్ ఆపొచ్చు, జీపీఎస్ జామింగ్ కూడా కారణం కావచ్చు. సిగ్నల్ పోయినచోటు ఏది, తిరిగి వచ్చినప్పుడు ఓడ నీటిలో ఎంత లోతుకు దిగి ఉంది అన్నవి అడగాలి. ఖాళీగా మాయమై నిండుగా ప్రత్యక్షమైతే, మధ్యలో ఎక్కడో రేవులోనో, ఇంకో ఓడ నుంచో సరుకు ఎక్కించుకుందన్నమాట.

దారి సంగతికొస్తే, 2023 నవంబరులో యెమెన్‌కు చెందిన హౌతీల దాడులు మొదలయ్యాక ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగే ఓడలకు పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. ఇది రవాణా ఖర్చుతో పోలేదు. ‘బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రం) తేదీ నుంచి 60 రోజులకు చెల్లింపు’ అన్న షరతున్నచోట, సరుకు అందాక అమ్ముకోవడానికి కొనుగోలుదారుకు మిగిలే గడువులోంచే ఆ రోజులు పోయాయి. అలాంటి దారిలో గడువును ముందే కాస్త పెంచి, ఆ వడ్డీని ధరలో కలుపుకోవడం ఇద్దరికీ మేలు.

సీఐఎఫ్ (ధరలోనే బీమా, రవాణా ఖర్చు కలిపే పద్ధతి) కింద అమ్మేవారు తీసుకోవాల్సిన కనీస బీమాలో యుద్ధ ప్రమాదం లేదు. విడిగా కొనాలి. అదీ సరుకు ఓడ మీద ఉన్నంతసేపే ప్రధానంగా పనిచేస్తుంది, రేవు గోదాములో బాంబు పడితే కాదు. మామూలు యుద్ధ బీమాను ఏడు రోజుల నోటీసుతో రద్దు చేసుకునే హక్కు బీమా సంస్థకుంది, ఉద్రిక్తత పెరిగితే ఇంకా తక్కువ గడువే పెడతారు. ‘వార్ రిస్క్ సర్‌చార్జి ఎవరిది’ అన్న ఒక్క లైను ఒప్పందంలో లేక చెడిన బేరాలు అన్నీ ఇన్నీ కావు.

ఒప్పందంలో ఏం రాయాలి

‘ఆంక్షలు వస్తే ఫోర్స్ మెజూర్’ (చేతిలో లేని కారణంతో బాధ్యత నుంచి మినహాయింపు) అని రాసి ఊరుకుంటే ఏమవుతుందో బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 మేలో ఓడలు అద్దెకు తీసుకున్న ఆర్‌టీఐ అనే సంస్థకూ (అదే చార్టరరు), ఓడలిచ్చిన ఎంయూఆర్ షిప్పింగ్‌కూ మధ్య నడిచిన కేసులో చెప్పింది. చెల్లింపు డాలర్లలో అని ఒప్పందం. 2018 ఏప్రిల్‌లో చార్టరరు మాతృసంస్థ మీద అమెరికా ఆంక్షలు పడ్డాయి. యూరోల్లో కడతాం, మార్పిడి నష్టం మేమే భరిస్తాం అన్నారు. ఓడవాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పందంలో లేనిదాన్ని పుచ్చుకోవాల్సిన పని వాళ్లకు లేదని కోర్టు తేల్చింది. కాబట్టి రెండో కరెన్సీ కావాలంటే ఇప్పుడే పేరుతో రాయండి, ఏ రోజు రేటు, ఏ బ్యాంకు రేటు, ఖర్చు ఎవరిదన్నదీ రాయండి.

దాంతోపాటు ఇవి ఉండాలి: సంతకం రోజునే కాక డెలివరీ దాకా ఆంక్షల్లో లేమన్న హామీ, వాటాదారులు మారితే ఇన్ని రోజుల్లో చెప్పాలన్న షరతు, ఆపేసే హక్కు, ఆగినప్పుడు రేవులో పడే డెమరేజ్ (ఆలస్య రుసుము) ఎవరిదన్న మాట. ‘ఆంక్షలు’ అంటే ఏ దేశాలవో పేర్లతో నిర్వచించండి.

తనిఖీ కాగితాలను, ఆ రోజు జాబితా తేదీ కనిపించే స్క్రీన్‌షాట్‌తో సహా, పదేళ్లు దాచండి. ఓఫాక్ తన రికార్డుల గడువును 2025 మార్చి 12 నుంచి ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది.

ఓడ బయలుదేరాక పేరు జాబితాకెక్కితే

ఓఫాక్ జాబితాకు ముహూర్తం లేదు, వారంలో రెండు మూడుసార్లు కూడా మారుతుంది. అందుకే కొటేషను రోజున, సరుకు ఎక్కించే రోజున, డాక్యుమెంట్లు విడుదల చేసే రోజున మూడుసార్లు వెతకాలి. మూడోసారి దొరికితే మీ చేతిలో ఏముందన్నదే ప్రశ్న. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ మూడు ప్రతులూ మీ దగ్గరో, మీ బ్యాంకు దగ్గరో ఉంటే సరుకు ఇంకా మీ అదుపులో ఉన్నట్టే. టెలెక్స్ రిలీజ్ (ఒరిజినల్ పత్రం చూపకుండానే సరుకు ఇచ్చేయమన్న సూచన) ఇచ్చేసి ఉంటే, సీ వేబిల్ (పేరు రాసినవారికి ఒరిజినల్ పత్రం అడగకుండానే సరుకు ఇచ్చే రవాణా కాగితం) మీద పంపి ఉంటే, అదుపు చాలావరకు పోయినట్టే. కొత్త కొనుగోలుదారుకు, సున్నితమైన దారికి ఆర్డర్ బిల్ ఆఫ్ లేడింగ్ (ఒరిజినల్ పత్రం చేతిలో ఉన్నవారికే సరుకు దక్కేది) తప్ప ఇంకేదీ ఒప్పుకోవద్దనేది అందుకే.

ఆ రోజు చేయాల్సిన పనుల వరస ఇది. విడుదల ఆపమని లైన్‌కు రాతపూర్వకంగా చెప్పండి. కొనుగోలుదారుకు డబ్బు తిప్పి పంపకండి, అదీ నిషిద్ధమై ఉండొచ్చు. జాబితాతోపాటు జనరల్ లైసెన్సు ఏదైనా ఇచ్చారేమో చూడండి. పాత ఒప్పందాలు ముగించుకోవడానికి తరచూ కొన్ని వారాల గడువు ఇస్తారు, అది ఏ తేదీన, ఏ టైమ్ జోన్‌లో, ఎన్ని గంటలకు ముగుస్తుందో రాసి ఉంటుంది. గడువు చాలకపోతే లైన్‌కు గమ్యం మార్పు దరఖాస్తు పెట్టి, దారిలో మరో రేవులో దించుకుని వేరేవాళ్లకు అమ్మే వీలు చూడండి. ఆ కొత్త కొనుగోలుదారు పేరునూ, కంగారులో వదిలేయకుండా, మొదటి నుంచీ వెతకాలి. జాబితాకెక్కిన పార్టీ వారంలోపే వేరే పేరుతో ఆ సరుకునే కొనడానికి రావడం కొత్తేమీ కాదు.